ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ కొనేవాళ్లకు హెచ్చరిక: పెద్ద ఫైల్‌తో టెస్ట్ టూల్ క్రాష్ అయితే ‘సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం’ అనే మాట నమ్మొద్దు

సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు డ్రైవ్ కొనడానికి వెళ్తున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. మా తమ్ముడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. వాడి కోసం అక్కడ ఒక షాపులో 1 టీబీ అని రాసున్న ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ తీసుకున్నాం. పైన రాసినంత జాగా లోపల లేని ఇలాంటి సరుకు ఆ ఒక్కచోటే ఉంటుందని కాదు కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

షాపులో కుర్రాడు మా కళ్ల ముందే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ నడిపి స్పీడ్ చూపించాడు. నంబర్లు బాగానే వచ్చాయి. జాగ్రత్తపడాల్సింది సరిగ్గా అక్కడే. ఆ టూల్‌లో సెట్టింగ్ మార్చకపోతే టెస్ట్ ఫైల్ 1 జీబీయే. లోపల అసలు మెమరీ ఎంత తక్కువున్నా ఆ ఒక్క జీబీ హాయిగా పడుతుంది.

ఇంట్లో లైనక్స్ మీద, డ్రైవ్‌లను పరీక్షించే ఎఫ్‌ఐఓ టూల్‌తో, ఫైల్‌ని మెమరీలోకి మ్యాప్ చేసి (కంప్యూటర్ మెమరీలో భాగమన్నట్టుగా చూపించి) చదివే పద్ధతిలో టెస్ట్ పెట్టాం. చిన్న ఫైళ్లకు ఏ ఇబ్బందీ లేదు. 200 జీబీ ఫైల్ ఇచ్చేసరికి, రాయడం పూర్తయింది కానీ చదువుతుండగా మధ్యలో టూల్ క్రాష్ అయింది. సిగ్నల్ 7, అంటే బస్ ఎర్రర్. షాపుకు ఫోన్ చేస్తే, “అది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం సార్, విండోస్‌లో ఫార్మాట్ కొట్టి వాడుకోండి” అన్నారు.

ఆ మాట కొట్టిపారేయకుండా సరిచూశాం. పెద్ద ఫైళ్ల దగ్గర టూల్స్ తప్పు చేయడం ఉన్నదే. సైజును 32 బిట్ల అంకెలో దాచుకునే పాత ప్రోగ్రాములు 2 జీబీ దాటితే తికమకపడతాయి. ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఒక ఫైల్ 4 జీబీకి చేరనే చేరదు. కానీ మా డ్రైవ్‌లో ఉన్నది ఈఎక్స్‌టీ4 అనే లైనక్స్ ఫార్మాట్, దానికి ఈ ఇబ్బంది లేదు. అదే కమాండ్, అదే 200 జీబీ, ల్యాప్‌టాప్ సొంత ఎస్ఎస్‌డీ మీద శుభ్రంగా పూర్తయింది. కెర్నల్ (లైనక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపించే అసలు భాగం) రాసుకునే లాగ్ తీసి చూస్తే క్రాష్ అయిన సమయానికే ఈ డ్రైవ్ పేరుతో, సెక్టర్ నంబర్లతో ఐఓ ఎర్రర్లు (చదవడం, రాయడంలో వచ్చేవి) వరసగా ఉన్నాయి. మామూలుగా చదివేటప్పుడు డ్రైవ్ డేటా ఇవ్వలేకపోతే ప్రోగ్రాముకు ఎర్రర్ కోడ్ వస్తుంది. మ్యాప్ చేసిన ఫైల్‌లో ఆ దారి లేదు, కెర్నల్ నేరుగా బస్ ఎర్రర్ సిగ్నల్ పంపుతుంది. అందుకే తప్పు డ్రైవ్‌దైనా కూలిపోయేది టూల్.

తర్వాత ఎఫ్3 టూల్‌తో డ్రైవ్ మొత్తం నింపాం. అది 1 జీబీ ఫైళ్లు వరసగా రాసి, మళ్లీ చదివి పోల్చుతుంది. కొన్ని ఫైళ్లలో సెక్టర్లన్నీ ‘ఓకే’, మిగతావాటిలో ‘కరప్టెడ్’, ‘ఓవర్‌రిటెన్’. అంటే లేని జాగా ఉన్నట్టు చూపించి, పాత డేటా మీదే కొత్తది రాసేస్తోంది. భయం ఏమిటంటే కాపీ అయిపోయిందనే చూపిస్తుంది, ఫైల్ పేరు, సైజు కూడా కనిపిస్తాయి. తెరిచినప్పుడే తెలుస్తుంది. తాళి కట్టే షాట్ అందులో పోతే ఆ ఇంటివాళ్లకు ఏం చెబుతాం?

1 టీబీ డ్రైవ్ విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తే అది మోసం కాదు, లెక్కగట్టే పద్ధతి తేడా అంతే. పెద్ద ఫైల్ కాపీ చేస్తుంటే కాసేపటికి స్పీడ్ పడిపోవడం కూడా అసలైన డ్రైవ్‌లలో మామూలే. రాసింది తిరిగి రాకపోతేనే అనుమానించాలి. విండోస్ వాడేవాళ్లకు ఎఫ్3 లాంటి పనే చేసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఉంది. గంటలు పట్టినా సరే, డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడే పూర్తి సైజుకు నడపండి.

సీరియల్ నంబర్ వేసిన జీఎస్టీ బిల్లు అడగండి, చిట్టీ మీద రాసిస్తే తీసుకోవద్దు. బిల్లు ఇవ్వకపోవడం, పాడైన సరుకు వెనక్కి తీసుకోనని మొండికేయడం రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతులే. ‘నో రిటర్న్’ అని ముద్ర వేసినంత మాత్రాన ఊరుకోనక్కర్లేదు. మేం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాం. షాపువాళ్లు ఇప్పుడు అదే రకం ఇంకో పీస్ ఇస్తామంటున్నారు. అది వద్దు, డబ్బే వెనక్కి కావాలని చెప్పాం.