చెయ్యి కనపడితే సగం పాఠం చెప్పినట్టే: చిన్న తరగతుల ఆన్‌లైన్ బోధన, రెండేళ్ల వాడకం తర్వాత

2020 మార్చిలో బడులు మూతపడ్డప్పటి నుంచి రెండు విద్యా సంవత్సరాల పాటు ఒకటి, రెండు, మూడు తరగతులకు వాడిన సరంజామా మీద ఈ సమీక్ష. సరంజామా అంటే పెద్దదేం కాదు. ఒక ల్యాప్‌టాప్, మూల పడేసిన పాత స్మార్ట్‌ఫోన్ ఒకటి, జూమ్ లేదా గూగుల్ మీట్, వాట్సాప్, పిల్లల దగ్గర పలకా బలపం. తేల్చాల్సింది ముందే తేల్చేస్తాను. ముప్పై మందిని ఒకేసారి తెర మీద కూర్చోబెట్టి చెప్పే పాఠం అన్నిటికంటే దండగ. పై నుంచి చేతిని చూపించే ఫోన్ కెమెరా అన్నిటికంటే లాభం. ఆరేడేళ్ల పిల్లలకు టీచరు ముఖం కన్నా రాసే చెయ్యి కనపడాలి. టీచరుకు పిల్లల ముఖం కన్నా వాళ్ల పలక కనపడాలి. ఈ రెండూ జరగకపోతే ఏ యాప్ వాడినా మిగిలేది హాజరు పట్టీయే.

దండగ అన్నది ఊరికే కాదు, లెక్క వేసి చూడండి. 40 నిమిషాల క్లాసు, 30 మంది పిల్లలు. టీచరు నోరే విప్పకుండా సమయమంతా పిల్లలకు పంచినా తలకు 1 నిమిషం 20 సెకన్లు. హాజరు పిలిచి, మ్యూట్ తీయించి, "వినపడుతోందా" అని అడిగేసరికే మనిషికి 10 సెకన్ల చొప్పున 5 నిమిషాలు పోతాయి. పైగా అందరూ గళ్లుగళ్లుగా కనపడే గ్యాలరీ వ్యూలో 25 మంది ఉంటే 14 అంగుళాల తెర మీద ఒక్కొక్కరి గడి వెడల్పు 6 సెం.మీ. దాటదు. అందులో పలక మీద రాసింది 'ప'నో 'ఫ'నో ఎవరు చెప్పగలరు?

అందుకే ఐదుగురేసి చొప్పున ఆరు జట్లు చేసి, రోజుకు మూడు జట్లకు 25 నిమిషాల చొప్పున చెప్పడం నిలబడింది. ఆరు రోజుల వారంలో ఒక్కో జట్టుకు మూడు క్లాసులు వస్తాయి. టీచరుకు రోజుకు 75 నిమిషాలు, మధ్యలో ఐదేసి నిమిషాల విరామం. గడి వెడల్పు 10 సెం.మీ. అవుతుంది, పలక చదవొచ్చు. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాల హద్దు, గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు గానీ అంతకు మించి గానీ ఉంటే 60 నిమిషాల హద్దు ఉన్నాయి గానీ, 25 నిమిషాల పాఠానికి రెండూ అడ్డం కావు. జట్లను చదివే వేగాన్ని బట్టి వేయాలా, కలిపి వేయాలా అన్నది ఎప్పుడూ తెగని వాదన. అక్షరాలకు వేగాన్ని బట్టి, కథలకు కలిపి వేస్తే తక్కువ ఇబ్బంది.

25 నిమిషాల్లో మొదటి 3 పలకరింపుకూ, పలకా బలపం దగ్గరున్నాయో లేదో చూడటానికీ. 4 నిమిషాలు నిన్నటి పాఠం. 6 నిమిషాలు కొత్త పాఠం, అంతకు మించితే కళ్లు తెర వదిలి కిటికీ మీదికి పోతాయి. 7 నిమిషాలు పలక పని. 3 నిమిషాలు లేచి కదలడం. చివరి 2 నిమిషాలు ఇంటి పని చెప్పడానికి. కదలడం అనేది అలంకారం కాదు. అది మానేసిన రోజున పలక పనిలో తప్పులు పెరుగుతాయి.

ఇక చేతిని చూపించే కెమెరా. ప్రత్యేకంగా డాక్యుమెంట్ కెమెరా కొననక్కర్లేదు. బల్ల మీద రెండు పుస్తకాల దొంతరలు 30 నుంచి 35 సెం.మీ. ఎత్తు పేర్చండి. మధ్యలో కాగితం పట్టేంత ఖాళీ ఉంచి, వాటి మీద అడ్డంగా గట్టి చెక్క స్కేళ్లు రెండు పక్కపక్కనే పెట్టి, వెనక కెమెరా బయటికి వచ్చేలా ఫోన్‌ను వెల్లకిలా పడుకోబెట్టండి. మామూలు ఫోన్ కెమెరాకు ఈ ఎత్తు నుంచి ఒక ఎ4 కాగితమూ, చుట్టూ కొంచెం జాగా పడతాయి. ఎత్తు తగ్గితే చెయ్యే తెరంతా నింపేస్తుంది. ఫోన్ కేసు తీసేయండి. కెమెరా గంటసేపు ఆగకుండా నడిస్తే ఫోన్ వేడెక్కి వీడియో నెమ్మదిస్తుంది.

ఈ ఫోన్ మీటింగ్‌లోకి రెండో మనిషిలా చేరాలి, అది కూడా ఆడియో లేకుండా. మైకు మ్యూట్ చేస్తే చాలదు, స్పీకరు కూడా మూగబోవాలి. లేకపోతే ల్యాప్‌టాప్ మాట ఫోన్ స్పీకర్లోంచి వచ్చి, మళ్లీ ల్యాప్‌టాప్ మైకులో పడి, క్షణంలో కూత మొదలవుతుంది. చేరేటప్పుడే ఆడియో వద్దని ఎంచుకోవడం శుభ్రమైన దారి. తర్వాత మీటింగ్ నడిపే హోస్టు ఫోన్ వీడియోను స్పాట్‌లైట్ చేయాలి, అంటే అందరి తెర మీదా అదే పెద్దగా ఉండేలా పెట్టాలి. చేయకపోతే ఎవరు దగ్గితే వాళ్ల ముఖం పెద్దదై, సరిగ్గా మీరు గుడి దీర్ఘం తిప్పుతున్న క్షణంలో పిల్లలకు అక్షరం బదులు దగ్గే కుర్రాడు కనపడతాడు.

దీపం కుడిచేత్తో రాసేవారికి ఎడమ వైపు ముందు నుంచి రావాలి, ఎడమచేత్తో రాసేవారికి కుడి నుంచి. నడినెత్తిన ఉన్న లైటుకు ఫోన్ నీడే కాగితం మీద పడుతుంది. తళతళలాడే తెల్ల కాగితం వద్దు. చెయ్యి ఫ్రేములోకి వచ్చినప్పుడూ పోయినప్పుడూ కెమెరా వెలుతురు సర్దుకుంటూ కాగితం ఒకసారి తెల్లగా, ఒకసారి బూడిదగా మారుతూ ఉంటుంది. కొంచెం గోధుమరంగు కాగితమైతే ఆ ఊగిసలాట తగ్గుతుంది. బాల్‌పెన్ను గీత వీడియో కుదింపులో కరిగిపోతుంది, లావు మార్కరే పనికొస్తుంది. అక్షరం ఎత్తు 4, 5 సెం.మీ. ఉండాలి, పేజీకి నాలుగు మాటలు మించొద్దు. మన లిపికి ఇది మరీ ముఖ్యం. ద, ధ, థ మధ్య తేడా అంతా ఒక చిన్న గీత, ఒక చుక్క. వీడియో మసకబారితే ముందు పోయేవి ఆ చుక్కా, ఆ గీతే.

చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది, అద్దం బొమ్మ. జూమ్‌లోనూ మీట్‌లోనూ ఎవరి వీడియో వాళ్లకు అద్దంలోలా తిరగబడి కనపడుతుంది, మిగతావాళ్లకు మాత్రం సరిగ్గానే ఉంటుంది. పెద్దవాళ్లకు దీంతో పనిలేదు. '3', '7' ఎటు తిరగాలో ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లకు మాత్రం పలక ఎత్తి చూపించగానే తన అంకె తెర మీద కుడి ఎడమలు తారుమారైనట్టు కనపడుతుంది. సరిగ్గా రాసినదాన్ని చెరిపేసి, తిరగేసి రాస్తుంది. పిల్లలు ఉన్నట్టుండి అక్షరాలు తిప్పి రాయడం మొదలుపెడితే ముందు వాళ్లను కాదు, ఈ సెట్టింగును అనుమానించండి. జూమ్‌లో అద్దం బొమ్మ ఆపేయొచ్చు. కుదరనిచోట పిల్లల తెర మీద సొంత వీడియో దాచేయమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. దాచేస్తే ఇంకో లాభం కూడా ఉంది, తమను తాము చూసుకుంటూ వెక్కిరించుకోవడం ఆగుతుంది.

పలక విషయంలో పాతదే గెలిచింది. మెరిసే తెల్లబోర్డు మీద కిటికీ వెలుగు పడి మధ్యలో రాసింది మాయమవుతుంది. నల్ల పలక మీద బలపంతో బాగా ఒత్తి రాయిస్తే అన్ని కెమెరాల్లోనూ తేలింది. చూపించే పద్ధతి మొదటి వారమే నేర్పాలి. పలక గుండెలకు ఆనించాలి, కెమెరాకు ఆనించకూడదు. ఆనిస్తే నల్లటి మసక తప్ప ఏమీ రాదు. "ఒకటి, రెండు, మూడు, చూపించు" అన్నాకే అందరూ ఒకేసారి ఎత్తి, టీచరు "దించు" అనేదాకా పట్టుకోవాలి. ఆ లోపల ఒక స్క్రీన్‌షాట్ తీసుకుంటే ఐదుగురి పనీ తేదీతో సహా దాచుకున్నట్టే. ముందు ఎత్తినవాణ్ణి చూసి మిగతావాళ్లు రాయడం కూడా దీంతో పోతుంది.

శబ్దం దగ్గర మాత్రం ఈ సాధనాలకు తక్కువ మార్కులే. అందరూ కలిసి పద్యం చెప్పడం కుదరదంటే కుదరదు. ఒక్కో ఇంటి నుంచి మాట ఒక్కో ఆలస్యంతో వస్తుంది, పైగా యాప్ ఒకేసారి వచ్చిన గొంతుల్లో కొన్నిటిని అణిచేస్తుంది. అందరినీ మ్యూట్‌లో పెట్టి, ఒక పిల్లను మాత్రం వినిపించనిచ్చి, మిగతావాళ్లు ఇంట్లోనే గొంతు కలపడం ఒక్కటే దారి. చప్పట్లతో లయ, బల్ల మీద తట్టి లెక్కించడం లాంటివి చేస్తే చుట్టుపక్కల రొదను అణిచే నాయిస్ సప్రెషన్ ఆ చప్పుళ్లను చెత్త అనుకుని తీసేస్తుంది. దాన్ని తక్కువ స్థాయికి దించాలి, లేదా జూమ్‌లో శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపే ఒరిజినల్ సౌండ్ ఎంచుకోవాలి. మామూలు ఫోన్ కాల్‌తో చేరిన పిల్లలకు శ, ష, స తేడా చెప్పడం వృథా. పాత తరహా కాల్‌లో 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే శబ్దం వెళ్తుంది, ఊష్మాల బుస ఎక్కువగా ఉండేది దానికి పైనే.

ఆశ పెట్టుకోకుండా మొదలుపెట్టి చివరికి అన్నిటికన్నా ఎక్కువ వాడింది వాట్సాప్ వాయిస్ నోటు. వీడియో క్లాసులో నెట్ తడబడితే మాట మధ్యలో తెగి, 'పలక' కాస్తా 'ప...క' అవుతుంది. వాయిస్ నోటు పూర్తిగా రికార్డయ్యాకే బయల్దేరుతుంది. ఆలస్యంగా చేరినా ముక్కలు కాకుండా చేరుతుంది, పిల్ల పదిసార్లు వినొచ్చు. ఒక్కో పిల్లకు పేరు పెట్టి పిలుస్తూ 45 సెకన్లు చెప్తే 30 మందికి ఇరవై రెండున్నర నిమిషాలు. ఆ పేరు పెట్టి పిలవడంలోనే అసలు బలముంది. అందరికీ కలిపి పంపిన నోటు పిల్లలు సగంలో ఆపేస్తారు. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు ఆ సందేశం చేరదు. "మాకు రాలేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

ఇంటి పని ఫోటోలు గ్రూపులో వేయించొద్దు. మొదట వేసిన ఫోటోయే సాయంత్రానికల్లా అందరి పలకల మీదా ఉంటుంది. విడిగా పంపమనండి, ఒక్క ఫోటో చాలు, పైన పేరూ తేదీ ఉండాలి, కిటికీ పక్కన నిలువుగా తీయాలి. కానీ ఫోటో చెప్పేది సగమే. 'అ' అందంగా ఉండొచ్చు, ఎక్కడ మొదలుపెట్టాడో తెలీదు. సున్నాని ఎటు తిప్పాడో తెలీదు. బలపం గుప్పిట్లో పట్టుకున్నాడో, వేళ్లతో పట్టుకున్నాడో తెలీదు. వారానికోసారి, ఒక్క అక్షరం రాస్తున్నప్పుడు చేతిని 10 సెకన్ల వీడియో తీయించండి. 30 వీడియోలు చూడటానికి 5 నిమిషాలు. నెలల తరబడి ఫోటోల్లో దొరకని తప్పులు అందులో దొరుకుతాయి. నాణ్యత 720పి చాలు, 1080పి అయితే కొన్ని ఫోన్లలో నిమిషానికి 100 ఎంబీ దాటుతుంది.

లెక్కలకు తెర మీది బొమ్మలు లెక్కించడం కన్నా ఇంట్లో దొరికే పుల్లలు మేలు. వంద పుల్లలు: పదేసి చొప్పున తొమ్మిది కట్టలు రబ్బరు బ్యాండుతో, పది విడిగా. 42లోంచి 17 తీసేయమంటే కట్ట విప్పక తప్పదు, అప్పు తెచ్చుకోవడం అంటే ఏమిటో చేతులకే తెలుస్తుంది. అయితే ఆ చేతులు మనకు కనపడాలి. పిల్ల ఫోన్ ఎదురుగా నిటారుగా ఉంటే ముఖం, వెనక గోడ తప్ప ఏమీ రావు. ఫోన్‌ను ఒక పక్కకు జరిపి, కొంచెం ఎత్తులో కిందికి వంచి పెడితే చేతులూ పలకా పడతాయి. వేళ్లు బల్ల కింద దాచి లెక్కపెట్టే అలవాటు కూడా అప్పుడే బయటపడుతుంది.

వెనక నుంచి జవాబు అందించే పెద్దవాళ్ల గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. పిల్ల జవాబుకు ముందు కెమెరా పక్కకు చూస్తే వెనక ఎవరో ఉన్నట్టే. వద్దని చెప్తే నొచ్చుకుంటారు, మర్నాటి నుంచి గుసగుస ఇంకాస్త చిన్నదవుతుంది, అంతే. వాళ్లకు ఒక పని అప్పగించడం మేలు: ఫోన్ పట్టుకోవడం, పుల్లలు అందించడం. ప్రశ్నలు కూడా మార్చాలి. "ఇది ఏ ఆకారం" అనే బదులు "నీ చేతికందే గుండ్రటి వస్తువు మూడు పట్టుకురా" అంటే పిల్ల లేచి వెళ్లాల్సిందే.

మిగతావి త్వరగా. స్లయిడ్లు దాదాపు పనికిరావు. నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో స్లయిడు 4 సెం.మీ. ఎత్తు పట్టీ అవుతుంది. క్లాసులో వీడియో ప్లే చేయడం కన్నా ముందు రోజే పంపేయడం నయం. నాలుగు జవాబుల క్విజ్ ఆటలు పిల్లలకు సరదాయే, కానీ కళ్లు మూసుకుని నొక్కినా నాలుగింట ఒకటి తగులుతుంది. చదవడం, రాయడం వచ్చాయో లేదో వాటితో తేలదు. టీచరు రానిచ్చేదాకా బయటే ఆపే వెయిటింగ్ రూమ్ తీసేయొద్దు, లోపలికి వచ్చేవారి పేరు పిల్ల పేరై ఉండాలి. పిల్లలు తెర మీద గీతలు గీయడం, పేరు మార్చుకోవడం, చాట్ తెరవడం మొదటి రోజే ఆపేయండి, ఎందుకంటే రెండో రోజుకు వాళ్లకు అవన్నీ వచ్చేస్తాయి.

చదివించడానికి వీడియోయే అక్కర్లేదు, మామూలు కాల్ చాలు. వారానికి ఒక్కో పిల్లకు 5 నిమిషాలు. ముందే పంపిన పేజీలోంచి ఒక నిమిషం పైకి చదవాలి, ఆ నిమిషంలో టీచరు దిద్దకూడదు. ఎన్ని మాటలు చదివింది, ఏ ఒత్తు దగ్గర ఆగింది, ఏ మాట ఊహించి చదివింది, ఈ మూడూ రాసుకోవాలి. 30 మందికి రెండున్నర గంటలు పడుతుంది, రోజుకు ఐదుగురు చొప్పున పంచుకుంటే బరువనిపించదు. క్లాసులో నోరు విప్పని పిల్లలు ఈ కాల్‌లో మాట్లాడతారు. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, అది పగలంతా పనికి వెళ్లేవాళ్ల జేబులో ఉంటే, ఈ 5 నిమిషాలు రాత్రికి పెట్టుకోవాలి. అలాంటి పిల్లలకు వారానికి సరిపడా కాగితాలు కట్టగా అందించి, పాత కట్ట వెనక్కి తీసుకునేటప్పుడే కొత్తది ఇవ్వాలి. కట్ట పైన ఆ వారం కాల్ చేసే రోజూ వేళా పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి.