‘సెట్’ అనే చిన్న మాటతో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు ఒక పరీక్ష

ఒక నిఘంటువు సత్తా తెలియాలంటే అరుదైన పదాల కన్నా రోజూ నోట నలిగే చిన్న పదాన్ని వెతకడమే మేలు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువును ఆ దృష్టితో పరిశీలించడానికి నేను ఎంచుకున్న పదం ‘సెట్’. 1989లో 20 సంపుటాలుగా వెలువడిన రెండవ కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ ఈ క్రియాపదానిదే. దాని కింద 430కి పైగా అర్థాలు చూపారు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది అర్థాల జోలికి పోయే ముందు పుట్టుకలను వేరుచేసే పద్ధతి. క్రియగా వాడే ‘సెట్’ ప్రాచీన ఆంగ్లంలోని ‘సెట్టన్’ నుంచి వచ్చింది. అది ‘సిట్’ అనే క్రియకు ప్రేరణార్థకం, అంటే కూర్చోవడానికి కూర్చోబెట్టడం ఎలాంటిదో అలాంటిది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చదివితే, బల్ల మీద పళ్ళాలు అమర్చడం, ఉచ్చు పన్నడం, విరిగిన ఎముకను స్వస్థానంలో నిలపడం, గడియారం ముళ్ళు సరిచేయడం, అచ్చు అక్షరాలు కూర్చడం, తడి సిమెంటు గట్టిపడటం వంటి ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపించే అర్థాలన్నీ, ఒక వస్తువు తన చోట కుదురుకోవడం అనే భావం నుంచే పాయలుగా చీలాయని బోధపడుతుంది.

వస్తువుల సముదాయాన్ని తెలిపే నామవాచకం ‘సెట్’ కథ వేరు. అది ప్రాచీన ఫ్రెంచి మీదుగా లాటిన్ ‘సెక్టా’ నుంచి వచ్చింది. అనుసరించడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన ఆ మాట ఒక మార్గాన్ని, దానిని అనుసరించే వారిని సూచించేది. మతశాఖను చెప్పే ‘సెక్ట్’ కూడా అక్కడిదే. ‘సీక్వెన్స్’ కూడా ఆ ధాతువుకు చెందినదే. రూపం ఒకటే కావడంతో క్రియలోని అమరిక అనే భావం ఈ నామవాచకాన్నీ ప్రభావితం చేసింది. టీకప్పుల సెట్టులోనూ గణితంలోని సెట్టులోనూ ఉన్నది ఈ రెండవ వంశమేనని తెలుసుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఇంతటి వివరం వెనుక దీర్ఘకాల శ్రమ ఉంది. 1857లో లండన్ భాషాశాస్త్ర సంఘంలో మొదలైన ఆలోచన ఇది. 1879లో జేమ్స్ మర్రే సంపాదకత్వం చేపట్టగా, తొలి భాగం 1884లోనూ చివరి భాగం 1928లోనూ వెలువడ్డాయి. పాత పుస్తకాల నుంచి వాక్యాలను చీటీల మీద రాసి పంపిన స్వచ్ఛంద పాఠకుల పుణ్యమే, ప్రతి అర్థం కింద సంవత్సరాలతో సహా కనిపించే ప్రయోగాలు. అర్థాలను చారిత్రక క్రమంలో పేర్చడం వల్ల మొదట కనిపించేది నేడు వాడుకలో లేని అర్థమైనా కావచ్చు. తొందరలో మొదటి పంక్తి మాత్రమే చదివేవారు ఇక్కడ పొరబడతారు; వారికి సామాన్య నిఘంటువే తగినది.

2000 నుంచి అంతర్జాలంలో లభిస్తున్న ఈ నిఘంటువులో చాలా భాగం చదవడానికి చందా కట్టాలి. మూడవ కూర్పు పని ఇంకా సాగుతోంది. 2011లో సవరించిన ‘రన్’ క్రియకు 645 అర్థాలు తేలి, అది ‘సెట్’ను మించిపోయింది. అందువల్ల ఏ పదం చూసినా దాని వివరణను చివరిసారి ఎప్పుడు సవరించారో గమనించడం అవసరం. ‘సెట్ ఆఫ్’, ‘సెట్ అప్’ వంటి పదబంధాల కోసం చాలా దూరం కిందికి వెళ్ళవలసి రావడం మాత్రం ఓపికకు పరీక్షే.

పుట్టుక ఒక్కటే తెలిస్తే చాలుననుకునేవారికి డగ్లస్ హార్పర్ ఉచితంగా నడుపుతున్న ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ సరిపోతుంది, కానీ అందులో ఇలాంటి ప్రయోగాల వరుస ఉండదు. చందా గల గ్రంథాలయంలో సభ్యత్వం ఉంటే ఆక్స్‌ఫర్డ్‌నే తెరవమని నా సలహా. మొదట ‘ఫెయిర్’ చూడండి: అందాన్నీ న్యాయాన్నీ చెప్పేది ప్రాచీన ఆంగ్ల పదం కాగా, సంతను చెప్పేది పండుగ దినాన్ని తెలిపే లాటిన్ ‘ఫెరియా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది.