ప్రోక్వాడ్ సమీక్ష: ఒకే సూదిలో నాలుగు వైరస్‌లు, వాటి మధ్య పేచీ

తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా, ఆటలమ్మ అనే నాలుగు జబ్బుల నుంచి ఒకే సూదితో రక్షణ కల్పించే ప్రోక్వాడ్ టీకాను మెర్క్ సంస్థ తయారు చేస్తోంది. అమెరికాలో దీనికి 2005లో అనుమతి లభించింది. 12 నెలలు నిండిన బిడ్డల నుంచి 12 ఏళ్ల పిల్లల దాకా దీనిని వేయవచ్చు. ఎంఎంఆర్ టీకాకు (తట్టు, గవదబిళ్లలు, రూబెల్లాలకు కలిపి వేసేది) ఒకటి, ఆటలమ్మ టీకాకు ఒకటి చొప్పున పడే రెండు పోట్లు ఒకటవుతాయి కాబట్టి, తల్లిదండ్రులకు దీనిపై మొగ్గు కలగడం సహజం. అయితే ఒక టీకా మరొక టీకా పనికి అడ్డుపడినప్పుడు తయారీదారు ఆ చిక్కును ఎలా దాటాడు, అందుకు ఏ మూల్యం చెల్లించాడు అన్న ప్రశ్నలతోనే ఈ సరుకును తూకం వేయాలని నా అభిప్రాయం.

ఇందులోని నాలుగూ బలహీనపరచిన సజీవ వైరస్‌లు. అవి శరీరంలో కొంత వృద్ధి చెందితేనే రోగనిరోధక వ్యవస్థ వాటిని గుర్తుపెట్టుకుంటుంది. మొదట ప్రవేశించిన వైరస్ వృద్ధి చెందుతుండగా శరీరం ఇంటర్‌ఫెరాన్ వంటి రక్షక పదార్థాలను విడుదల చేస్తుంది. ఆ తరువాత కొద్ది వారాలలో వచ్చిన రెండో వైరస్, కాపలా పెట్టిన ఊరికి ఆలస్యంగా చేరిన బాటసారిలా, వేళ్లూనుకోలేకపోతుంది. ఒకే రోజు రెండింటినీ వేస్తే కాపలా మొదలయ్యే లోపే రెండూ లోపలికి చేరతాయి కనుక, సూదితో ఇచ్చే సజీవ టీకాలను ఒకే రోజున గాని, కనీసం 28 రోజుల ఎడంతో గాని వేయాలని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సూచిస్తుంది. ఇది కేవలం జాగ్రత్త కొద్దీ పెట్టిన గడువు కాదు: ఎంఎంఆర్ వేసిన 28 రోజుల లోపే ఆటలమ్మ టీకా వేయించుకున్న పిల్లలకు, ఆ టీకా పడినా జబ్బు సోకే ముప్పు సుమారు 2.5 రెట్లు ఎక్కువని అక్కడి పరిశీలనలో తేలింది. నిర్జీవ టీకాల విషయంలో సాధారణంగా ఈ బెడద ఉండదు.

ఒకే రోజున, వేర్వేరు చోట్ల వేస్తే సర్దుకుపోయే ఈ వైరస్‌లను ఒకే సీసాలో కలిపితే మాత్రం ఆటలమ్మ భాగం వెనకబడుతుంది. దీనికి మెర్క్ కనిపెట్టిన ఉపాయం సూక్ష్మమైనదేమీ కాదు. ఆ వైరస్ మోతాదును పెంచారు, అంతే. విడి ఆటలమ్మ టీకా ఒక డోసులో కనీసం 1,350 ప్లాక్ ఫార్మింగ్ యూనిట్ల (సజీవ వైరస్‌ను లెక్కించే కొలమానం) వైరస్ ఉంటే, ప్రోక్వాడ్‌లో అది దాదాపు 9,770, అంటే ఏడు రెట్లకు పైమాటే. ఫలితం ఆశించినట్టే వచ్చింది గాని, సరఫరా మాత్రం ఆ వైరస్ దిగుబడికి కట్టుబడిపోయింది. 2007లో దిగుబడి తగ్గినప్పుడు ప్రోక్వాడ్ మార్కెట్లో దొరకకుండా పోగా, విడి టీకా మాత్రం అందుబాటులోనే ఉంది.

తట్టు భాగం కథ ఇందుకు పూర్తిగా భిన్నం. విడివిడిగా వేసినప్పటి కంటే ప్రోక్వాడ్‌లో దాని ప్రతిరక్షకాల స్థాయి పెరిగింది, జ్వరమూ పెరిగింది. మొదటి డోసు తరువాత 102 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం విడి టీకాలు పడిన వారిలో 14.9 శాతం మందికి వస్తే, ప్రోక్వాడ్ పడిన వారిలో 21.5 శాతం మందికి వచ్చింది. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో మొదటి డోసు తరువాత 5 నుంచి 12 రోజుల మధ్య జ్వరంతో కూడిన ఫిట్స్, విడి టీకాలతో పోలిస్తే, ప్రతి 2,300 నుంచి 2,600 మందిలో ఒకరికి అదనంగా వచ్చాయి. ఇలాంటి ఫిట్స్ చాలావరకు శాశ్వతమైన హాని చేయవు. కానీ ఎదురుగా చూసిన తల్లికి ఆ మాట చెప్పి ఒప్పించడం అంత సులభం కాదు. ఈ టీకాకు తొలుత ప్రాధాన్యమిచ్చిన అమెరికా టీకాల సలహా సంఘం 2008లో ఆ ప్రాధాన్యాన్ని ఉపసంహరించుకుని, 2009లో మొదటి డోసుకు విడి టీకాల వైపు మొగ్గింది.

నిల్వ విషయంలో ఇది సుకుమారమైన సరుకు. మైనస్ 50 నుంచి మైనస్ 15 డిగ్రీల సెల్సియస్ మధ్య ఫ్రీజర్‌లో ఉంచాలి. పొడిని ద్రవంలో కలిపాక 30 నిమిషాలలో వాడకపోతే పారవేయాలి. తట్టు వైరస్ ఉన్న ఇతర టీకా తరువాత కనీసం ఒక నెల, ఆటలమ్మ టీకా తరువాత కనీసం మూడు నెలలు ఆగి ప్రోక్వాడ్ వేయమని దాని సమాచార పత్రం చెబుతుంది.

నా మటుకు, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య వేసే రెండో డోసుకు ప్రోక్వాడ్‌ను నిస్సంకోచంగా ఎంచుకుంటాను, ఎందుకంటే ఆ వయసులో ఫిట్స్ ముప్పు పెరిగినట్టు కనబడలేదు. మొదటి డోసుకు మాత్రం ఒకే రోజు రెండు చోట్ల విడి టీకాలు వేయించడమే మేలని నా తీర్పు. బిడ్డకు గాని, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు గాని ఫిట్స్ చరిత్ర ఉంటే ఇక వేరే ఆలోచనే అక్కరలేదు. విడి టీకాల దారి పట్టినవారు తేదీలను కార్డులో సరిచూసుకోవాలి: ఎంఎంఆర్ తరువాత 28 రోజులు నిండకుండా ఆటలమ్మ టీకా పడితే ఆ డోసు లెక్కలోకి రాదు, అది పడిన నాటి నుంచి మళ్లీ కనీసం 28 రోజులు ఆగి ఇంకొకటి వేయించాలి.