బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్, ఎల్వీఎం: వెనక్కి వెళ్లాల్సి వస్తే ఏది మేలు?

బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ లినక్స్‌లో ఫైళ్లు దాచే ఫైల్‌సిస్టమ్‌లు, ఎల్వీఎం డిస్క్ చోటుని వాల్యూములుగా పంచే పద్ధతి. స్నాప్‌షాట్ అంటే ఆ క్షణంలో ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో అలా పట్టి ఉంచడం. అది తీయడంలో మూడూ దాదాపు ఒకటే. ఒక్క కమాండ్ కొడితే క్షణంలో అయిపోతుంది. తేడా తెలిసేది అప్‌గ్రేడ్ బెడిసికొట్టి వెనక్కి వెళ్లాల్సి వచ్చినప్పుడు, లేదా డిస్క్ నిండిపోయి ఏ స్నాప్‌షాట్ తీసెయ్యాలో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు. ఎంచుకునేది కూడా దాన్ని బట్టే ఎంచుకోవాలి.

బెంగళూరు మారతహళ్లి పీజీలో ఒకే ఎస్ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్ మీద ఉబుంటూనో ఫెడోరానో నడిపేవాళ్లకి బీటీఆర్ఎఫ్ఎస్ చాలు. పదిమంది ఫైళ్లు దాచుకునే ఆఫీసు సర్వర్‌కి జెడ్ఎఫ్ఎస్ పెట్టండి, కనీసం రెండు డిస్కులతో. ఇప్పటికే ఎల్వీఎం మీద నడుస్తున్న సర్వర్‌ని కేవలం స్నాప్‌షాట్ల కోసం పీకి మళ్లీ కట్టక్కర్లేదు.

బీటీఆర్ఎఫ్ఎస్ 2009 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే ఉంది. ఫెడోరా 33 నుంచి, అంటే 2020 నుంచి, డెస్క్‌టాప్ ఎడిషన్లలో అదే డిఫాల్ట్. విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు, కెర్నల్ అప్‌డేట్ వస్తే విరిగేదీ లేదు. లోటల్లా ఒకటే: "బీటీఆర్ఎఫ్ఎస్" కమాండ్‌లో రోల్‌బ్యాక్ (వెనక్కి వెళ్లడం) అనే ముక్కే లేదు. ఆ పని చేత్తో చేసుకోవాలి. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, డిస్క్‌ని "సబ్‌వాల్ఐడీ=5" ఆప్షన్‌తో మౌంట్ చేస్తే పై స్థాయి సబ్‌వాల్యూములన్నీ (ఫైల్‌సిస్టమ్‌లోని విడి భాగాలు) మామూలు ఫోల్డర్లలా కనిపిస్తాయి. రూట్ సబ్‌వాల్యూమ్ పేరు ఉబుంటూలో సాధారణంగా "@", ఫెడోరాలో "రూట్". దాన్ని "ఎంవీ"తో "@పాత" అని మార్చి, మంచి స్నాప్‌షాట్ నుంచి "బీటీఆర్ఎఫ్ఎస్ సబ్‌వాల్యూమ్ స్నాప్‌షాట్"తో కొత్త "@" తీసి, రీబూట్ చేయాలి. ఇక్కడ "-ఆర్" పెట్టకూడదు, పెడితే రూట్ మొత్తం రీడ్ ఓన్లీ అయి కూర్చుంటుంది.

ఇంతా చేశాక కూడా రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏది ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉండే ఫైల్) పేరుకి బదులు సబ్‌వాల్యూమ్ నంబర్ రాసి ఉంటే, మీరు పేరు మార్చినా సిస్టమ్ ఆ నంబర్ పట్టుకుని పాతదాన్నే మౌంట్ చేస్తుంది. రెండోది, కెర్నల్ ఉండే "/బూట్". అది విడిగా ఈఎక్స్‌టీ4 పార్టిషన్ మీద ఉంటే (ఫెడోరాలో అంతే) రోల్‌బ్యాక్ దాన్ని ముట్టుకోదు. కెర్నల్ కొత్తది, రూట్‌లో ఉన్న మాడ్యూల్సేమో (డ్రైవర్ల లాంటివి) పాతవి. వైఫై రాలేదని తల పట్టుకునే ముందు బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకోండి. ఓపెన్‌సూసే వాడేవాళ్లకి ఈ తంటా తక్కువ, అందులోని స్నాపర్ అనే టూల్ చాలావరకు తనే చూసుకుంటుంది.

ఇంకో మాట. సబ్‌వాల్యూమ్ లోపల మరో సబ్‌వాల్యూమ్ ఉంటే అది స్నాప్‌షాట్‌లోకి రాదు, ఆ చోట ఖాళీ ఫోల్డర్ మాత్రం ఉంటుంది. "@పాత"ని తీసేసే ముందు "బీటీఆర్ఎఫ్ఎస్ సబ్‌వాల్యూమ్ లిస్ట్" చూసి, లోపల ఉన్నవాటిని కొత్తదానిలోకి జరపండి.

జెడ్ఎఫ్ఎస్‌లో రోల్‌బ్యాక్ ఒక్క లైను: "జెడ్ఎఫ్ఎస్ రోల్‌బ్యాక్ ట్యాంక్/ఫైల్స్@సోమవారం". ఇందులో ట్యాంక్ అన్నది పూల్, అంటే డిస్కులన్నీ కలిపిన చోటు; ఫైల్స్ అన్నది డేటాసెట్, అంటే సబ్‌వాల్యూమ్ లాంటిది; సోమవారం అన్నది స్నాప్‌షాట్ పేరు. అయితే అన్నిటికంటే తాజా స్నాప్‌షాట్‌కే అది ఊరికే వెళ్తుంది. అంతకు ముందుదానికి వెళ్లాలంటే "-ఆర్" అడుగుతుంది, ఇస్తే మధ్యలో ఉన్న స్నాప్‌షాట్లన్నీ తుడిచేస్తుంది. ఒక్క ఫైలు పోయినదానికి ఎవరూ రోల్‌బ్యాక్ జోలికి వెళ్లొద్దు. డేటాసెట్ మౌంట్ అయిన చోటే ".జెడ్ఎఫ్ఎస్/స్నాప్‌షాట్" అనే దాగి ఉన్న ఫోల్డర్ ఉంటుంది, అందులోంచి కాపీ చేసుకుంటే సరిపోతుంది. అకౌంట్స్ వాళ్లు శనివారం చెరిపేసిన ఎక్సెల్ షీటు కోసం సోమవారం వస్తే ఇదే దారి.

డేటాబేస్ ఉన్నచోట జెడ్ఎఫ్ఎస్‌ది స్పష్టంగా పైచెయ్యి. ఒకే పేరెంట్ కింద డేటా ఒక డేటాసెట్‌లో, లాగ్ ఇంకోదానిలో ఉన్నా "జెడ్ఎఫ్ఎస్ స్నాప్‌షాట్ -ఆర్" రెండింటినీ ఒకే క్షణంలో పట్టుకుంటుంది. బీటీఆర్ఎఫ్ఎస్‌లో రెండు సబ్‌వాల్యూములకి రెండు కమాండ్లు, మధ్యలో ఎంతో కొంత తేడా.

డిస్క్ నిండినప్పుడు జెడ్ఎఫ్ఎస్ కూడా తికమక పెడుతుంది. 40 జీబీ వీడియో ఒకటి చెరిపేశారు, అది పది స్నాప్‌షాట్లలో ఉంది అనుకోండి. "జెడ్ఎఫ్ఎస్ లిస్ట్ -టీ స్నాప్‌షాట్" కొడితే పదింటి ఎదురుగా దాదాపు సున్నా చూపిస్తుంది. ఎందుకంటే అది చూపించేది ఆ ఒక్క స్నాప్‌షాట్ తీసేస్తే ఎంత ఖాళీ అవుతుందన్నది మాత్రమే. పదీ కలిపి పట్టుకున్న 40 జీబీ కనబడాలంటే "జెడ్ఎఫ్ఎస్ లిస్ట్ -ఓ స్పేస్"లో యూజ్డ్‌స్నాప్ కాలమ్ చూడాలి. తీసే ముందు "జెడ్ఎఫ్ఎస్ డిస్ట్రాయ్ -ఎన్‌వీ"కి మొదటి పేరు, % గుర్తు, చివరి పేరు ఇస్తే ఏవేవి పోతాయో, ఎంత చోటు తిరిగొస్తుందో చెప్పి ఊరుకుంటుంది, ఏదీ తీయదు. ఈ "-ఎన్‌వీ" అలవాటు చేసుకుని తీరాలి. "డిస్ట్రాయ్ -ఆర్" కొట్టేటప్పుడు "@" తర్వాతి ముక్క రాయడం మర్చిపోతే స్నాప్‌షాట్‌కి బదులు డేటాసెట్టే పోతుంది, దాని స్నాప్‌షాట్లతో సహా.

బీటీఆర్ఎఫ్ఎస్‌లో తిప్పలు వేరు. "డీఎఫ్"లో చోటు ఉన్నట్టే కనిపిస్తుంది, రాయబోతే "నో స్పేస్" అంటుంది. డేటాకి కేటాయించిన చంకులు (చోటు ముక్కలు) సగం ఖాళీగా ఉండి, మెటాడేటాకి (ఫైళ్ల గురించిన వివరాలు) కొత్త చంక్ దొరకనప్పుడు ఇలా అవుతుంది. "బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్"లో అన్‌ఎలొకేటెడ్ అన్న అంకె చూడండి. అది సున్నాకి దగ్గరపడితే "బ్యాలన్స్ స్టార్ట్ -డీయూసేజ్=10"తో మొదలుపెట్టి 30, 50 అని పెంచుకుంటూ పోవాలి, అది ఖాళీ ఎక్కువున్న చంకుల్ని ఒక్కచోటికి చేర్చి చోటు విడిపిస్తుంది. స్నాప్‌షాట్ తీసేసిన వెంటనే చోటు రాలేదని కంగారు పడొద్దు, శుభ్రం చేసే పని వెనకాల నడుస్తూ ఉంటుంది. స్నాప్‌షాట్లు ఉండగా డీఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్లని ఒక్కచోటికి చేర్చడం) మాత్రం చేయకండి. పంచుకున్న బ్లాకులు విడిపోయి చోటు ఇంకా మింగుతుంది.

మరి లాప్‌టాప్‌లో కూడా జెడ్ఎఫ్ఎస్సే పెట్టుకోవచ్చుగా అంటే, పెట్టుకోవచ్చు. లైసెన్సు తిరకాసు వల్ల అది కెర్నల్‌లో లేదు, మాడ్యూల్‌గా వస్తుంది. ఉబుంటూ దాన్ని తనే ఇస్తుంది. ఫెడోరాలో కొత్త కెర్నల్ ముందొచ్చి మాడ్యూల్ వెనకబడితే ఆ రోజు పూల్ తెరుచుకోదు. పైగా దాని క్యాష్ మెమరీ బాగా తింటుంది. 8 జీబీ మెషీన్‌లో "జెడ్ఎఫ్ఎస్_ఏఆర్‌సీ_మ్యాక్స్"ని 2147483648 అని, అంటే 2 జీబీకి, కట్టేయడం మంచిది.

సర్వర్‌కి ఎస్పీ రోడ్డులో డిస్కులు కొంటే సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా రాసే రకం) అని అడిగి తీసుకోండి. ట్రాకుల్ని ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి రాసే ఎస్ఎంఆర్ డిస్కు చవగ్గా వస్తుంది కానీ, మిర్రర్‌లో (రెండు డిస్కుల్లోనూ అదే డేటా) ఒకటి చెడి కొత్తది పెట్టినప్పుడు రీసిల్వర్, అంటే దానిలోకి డేటా తిరిగి నింపే పని, ఎంతకీ తెమలదు. బీటీఆర్ఎఫ్ఎస్‌తో రెండు డిస్కులైతే రెయిడ్1 పర్వాలేదు. రెయిడ్5, 6 జోలికి వద్దు, మధ్యలో కరెంటు పోతే డేటాకి హామీ లేదు. యూపీఎస్ ఉన్నా ఇదే మాట.

ఎల్వీఎంలో మామూలు స్నాప్‌షాట్‌కి ముందే చోటు కొలిచి ఇవ్వాలి: "ఎల్వీక్రియేట్ -ఎస్ -ఎల్ 10జీ" (ఎల్ పెద్ద అక్షరం). మార్పులు ఆ 10 జీబీ దాటాయా, స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది. అసలు వాల్యూమ్ బాగానే ఉంటుంది, వెనక్కి వెళ్లే దారే మూసుకుపోతుంది. దానంతటది పెరిగే సౌకర్యం ఉంది కానీ, ఎంత శాతం నిండితే పెరగాలన్న అంకె డిఫాల్ట్‌గా 100 అని పెట్టి ఉంటుంది, అంటే ఆపేసినట్టే. ఎల్వీఎం కాన్ఫ్ ఫైల్‌లో 70కి దించండి. వీజీలో (వాల్యూములన్నిటికీ చోటిచ్చే గ్రూపు) చోటు మిగిలి ఉంటేనే అదైనా పనిచేస్తుంది, "వీజీఎస్"లో వీఫ్రీ సున్నా ఉంటే అసలు స్నాప్‌షాటే రాదు. ఉన్నంతసేపూ రాతలు నెమ్మదిస్తాయి కాబట్టి అప్‌గ్రేడ్‌కి ముందు తీసి, అంతా సరిగ్గా ఉందనుకున్న రోజే తీసేయండి. వెనక్కి వెళ్లాలంటే "ఎల్వీకన్వర్ట్ --మెర్జ్". రూట్ అయితే రీబూట్‌లో జరుగుతుంది. స్నాప్‌షాట్‌ని మౌంట్ చేసి చూడబోతే, లోపల ఉన్నది ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ అయితే ఒప్పుకోదు, "నోయూయూఐడీ" ఆప్షన్ ఇవ్వాలి.

ఏ స్నాప్‌షాటైనా అదే డిస్కు మీద ఉంటుంది, డిస్కు పోతే అసలు ఫైళ్లూ, స్నాప్‌షాటూ రెండూ పోతాయి. ఇంకోచోటికి పంపే "సెండ్, రిసీవ్" బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్‌లలో ఉంది, ఎల్వీఎంలో అలాంటిది లేదు. వైట్‌ఫీల్డ్ ఆఫీసు నుంచి బెజవాడ ఇంట్లో ఉన్న మెషీన్‌కి ఎస్ఎస్‌హెచ్ మీద మొదటిసారి మొత్తం వెళ్తుంది, ఆ తర్వాత మారినది మాత్రమే. రెండు వైపులా ఉమ్మడి స్నాప్‌షాట్ ఒకటి మిగిలి ఉంటేనే అలా సాగుతుంది, కాబట్టి చివరగా పంపినదాన్ని "జెడ్ఎఫ్ఎస్ హోల్డ్"తో కట్టేయండి. బీటీఆర్ఎఫ్ఎస్ అయితే రీడ్ ఓన్లీ స్నాప్‌షాట్లనే పంపుతుంది, అందుకే తీసేటప్పుడే "-ఆర్" ఇవ్వాలి. అవతల జెడ్ఎఫ్ఎస్ డేటాసెట్‌కి "రీడ్‌ఓన్లీ=ఆన్" పెట్టండి. అక్కడ ఎవరైనా ఒక్క ఫైలు మార్చినా తర్వాతి రిసీవ్ ఆగిపోతుంది, "-ఎఫ్" (పెద్ద అక్షరం) ఇచ్చి ఆ మార్పుని కొట్టేస్తే గానీ కదలదు.