దేవమాలి కొండల్లో ‘వారణాసి’ జాడలు

రాజమౌళి తీస్తున్న ‘వారణాసి’ సినిమా లొకేషన్లు చూడాలని ఒడిశాలోని కొరాపుట్ వైపు వచ్చే తెలుగువాళ్లు ఈమధ్య తరచుగా కనబడుతున్నారు. వాళ్లకు ముందుగా ఒక మాట చెప్పాలి. 2025 మార్చిలో ఇక్కడి పని ముగించుకుని చిత్రబృందం వెళ్లిపోయింది. సెట్టు వేసిన తాలమాలి కొండ మీద దాని ఆనవాలేదీ మాకు కనబడలేదు. ఫలానా సన్నివేశం ఇక్కడే తీశారని చెప్పే బోర్డు కూడా లేదు. అయినా రావలసిన చోటే. ఆ దర్శకుడు ఇంత దూరం ఎందుకు వచ్చాడో కొండ మీద కాసేపు నిలబడితే అర్థమవుతుంది.

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. అక్కాబావలు సునాబెడలో ఉంటారు కాబట్టి రాయగడ నుంచి కొరాపుట్ వెళ్లే రైలు మాకు అలవాటే. ఆ సొరంగాల దారి ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. విశాఖ నుంచి వచ్చేవారికి రెండు దారులున్నాయి. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే 26వ జాతీయ రహదారి ఒకటి, అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు మరొకటి. పిల్లలుంటే రైలు, సమయం తక్కువుంటే రోడ్డు. రైలెక్కితే ఒక జాగ్రత్త తీసుకోవాలి. అరకు కంటే ముందు శిమిలిగుడ అనే స్టేషన్ వస్తుంది. అది ఆంధ్రప్రదేశ్‌లోది. షూటింగ్ జరిగిన సెమిలిగుడ ఒడిశాలోని పట్టణం. దానికి కొరాపుట్‌లో దిగి, సుమారు ఇరవై కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లాలి.

బస విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. సూర్యోదయం చూడాలంటే సెమిలిగుడలోనో సునాబెడలోనో ఉండండి. మేము సెమిలిగుడలో దిగిన లాడ్జి గదులు చిన్నవి, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు అడిగితే బకెట్టుతో తెచ్చిచ్చారు. రోడ్డు మీది లారీల మోత మాత్రం తెల్లవార్లూ ఆగలేదు. నిద్ర తేలిక అయినవాళ్లు వెనుకవైపు గది అడగాలి. ఈ జిల్లాలోనే ఉన్న జయపురంలో హోటళ్లు ఇంతకంటే బాగుంటాయి, భోజనం కూడా మెరుగే, కానీ అక్కడ దిగితే చీకట్లోనే లేచి ఘాట్ ఎక్కాలి. చలికాలంలో పుట్‌సిల్ కొండల దగ్గర ఒడిశా పర్యాటక శాఖ ఎకో రిట్రీట్ గుడారాలు వేస్తుంది. ఖర్చుకు వెనుకాడనివాళ్లు ముందుగా బుక్ చేసుకుని ఒక రాత్రి ఉండవచ్చు.

ఇక దేవమాలి. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. పైదాకా దాదాపుగా వాహనం వెళుతుంది. మేము మాట్లాడుకున్న జీపు డ్రైవరు తెలుగు, ఒడియా, ఇక్కడి వాడుక మాట దేశియా మూడూ గడగడా మాట్లాడే మనిషి. ఏ మలుపులో ఆగితే మబ్బు కాళ్ల కిందికి వస్తుందో అతనికి తెలుసు. సొంత కారులో వెళ్లడం కంటే ఇక్కడి డ్రైవరును పెట్టుకోవడమే మేలని నా నమ్మకం. పైన పెద్ద చెట్లు లేవు, గడ్డి వాలు మాత్రమే. దాని అవతల వరుస వెనుక వరుసగా కొండలు. గాలి మాట వినపడనివ్వదు.

ఈ నేలకు వయసు తెలియదు. జానపద, పౌరాణిక కల్పన తీసేవాళ్లకు కావలసింది అదే. 2025 నవంబరులో విడుదలైన ‘వారణాసి’ తొలి దృశ్యాల్లో కథ అంటార్కిటికా మంచు నుంచి ఆఫ్రికాలోని అంబోసెలికి, అక్కడి నుంచి త్రేతాయుగపు లంకకు దూకుతుంది. యుగాలు దాటే కథకు ఏ యుగమని చెప్పినా నమ్మించే నేల కావాలి. 1957లో ‘మాయాబజార్’ తీసినప్పుడు ద్వారకను స్టూడియోలోనే సుమారు 300 చిన్న చిన్న ఇళ్ల నమూనాలతో కట్టారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెన్నెలను కూడా దీపాలతోనే సృష్టించారు. ఆ పనితనం మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. దేవమాలి మీద నిలబడ్డప్పుడు మాత్రం, ఇక్కడ గాలినీ మబ్బునీ కల్పించనక్కరలేదు కదా అనిపించింది.

షూటింగ్ రోజుల్లో జరిగిన ఒక సంగతి అభిమానులకు గుర్తుండే ఉంటుంది. ఆ మార్చిలోనే ఒక చిన్న వీడియో బయటికి పొక్కింది. చక్రాల కుర్చీలో మలయాళ నటుడు పృథ్వీరాజ్, ఆయన ముందుకు నెట్టబడుతున్న మహేశ్‌బాబు. వెంటనే భద్రత పెంచారు. చక్రాల కుర్చీ ఏమిటని అందరూ తలలు బద్దలు కొట్టుకున్నారు. నవంబరులో పృథ్వీరాజ్ వేస్తున్న కుంభ పాత్ర మొదటి చిత్రం వచ్చాక విషయం తేలింది. ఆ పాత్ర కూర్చునేదే యంత్రాల హంగులున్న చక్రాల కుర్చీ. సినిమా వచ్చాక ఆ సన్నివేశం వెనుక ఈ కొండ వాలు కనబడుతుందేమోనని నేను వెతుకుతాను.

రాజమౌళి దేవమాలి మీదికి ఒంటరిగా నడిచి వెళ్లిన సంగతి ఆయనే రాశారు. పైనుంచి కనబడే దృశ్యాన్ని ఎంతగా మెచ్చుకున్నారో, దారి పొడవునా పడి ఉన్న చెత్తకు అంతగానూ బాధపడ్డారు. వచ్చినవాళ్లు తమ చెత్తను తామే వెనక్కి తీసుకెళ్లాలని కోరారు. అది చదివి వచ్చినవాళ్లే చిప్స్ పొట్లాలు, నీళ్ల సీసాలు గడ్డిలో వదిలేసి పోతుంటే నాకు నిజంగా కోపం వచ్చింది. మా పిల్లలు ఒక గోనెసంచి నింపారు. జీపు డ్రైవరు దాన్ని కిందికి తెచ్చి సెమిలిగుడలో చెత్తకుండీలో వేశాడు. మీరు వెళ్లినా ఒక సంచి పట్టుకెళ్లండి.

చిత్రబృందం చెప్పిన కృతజ్ఞతల్లో సెమిలిగుడతో పాటు బాల్డా, కొలాబ్ పేర్లు కూడా ఉన్నాయి. కొలాబ్ జలాశయం సాయంత్రం చూడదగ్గది. నీటి అంచున కాసేపు కూర్చుంటే చాలు, అంతకు మించి హడావిడి లేదు. నన్ను కదిలించింది మరొకటి. ఈ కొలాబ్ నదే కిందికి దిగి శబరి అవుతుంది, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. త్రేతాయుగం కథ చెప్పే సినిమాకు శబరి పేరు మోసే నది ఒడ్డున పని జరిగిందని తెలిస్తే, రామాయణం విని పెరిగిన తెలుగువాళ్లు ఎవరైనా ఒక క్షణం ఆగుతారు. ఇది సినిమావాళ్లు అనుకుని చేశారని నేను అనడం లేదు.

ఎవరూ పట్టించుకోని చోటు నందపురం. జయపురం రాజుల పూర్వ రాజధాని. అక్కడ ముప్పై రెండు మెట్ల సింహాసనం శిథిలమై ఉంది, స్థానికులు బత్రిస సింహాసనం అంటారు. విక్రమార్కుడి సింహాసనం, ముప్పై రెండు సాలభంజికలు, ఒక్కొక్క బొమ్మ చెప్పే ఒక్కొక్క కథ వింటూ పెరిగిన మనం ఆ రాళ్ల ముందు నిలబడకుండా ఎలా వెళ్లిపోతాం? అదే రాజవంశానికి చెందిన విక్రమదేవ వర్మ తెలుగులోనూ రచనలు చేశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పెద్ద దాత. నందపురంలో నీడ తక్కువ, తినడానికి ఏమీ దొరకలేదు. నీళ్లు, టిఫిను వెంట తీసుకెళ్లాలి.

తిండికి సెమిలిగుడలో తెలుగువాళ్ల టిఫిను హోటళ్లున్నాయి. ఇడ్లీ, పూరీ నమ్మకంగా తినవచ్చు. అయితే ఇక్కడిదాకా వచ్చి రాగి అంబలి తాగకుండా, భౌగోళిక గుర్తింపు పొందిన కాలాజీర బియ్యం కొనకుండా వెళ్లకండి. సన్న గింజ, వండుతుంటే ఇల్లంతా సువాసన. రోడ్డు పక్కన జామకాయలు అమ్మే ఆడవాళ్ల దగ్గర బేరమాడవద్దు. షూటింగ్ ముగించుకుని విశాఖకు తిరిగి వెళ్లే దారిలో, ఈ సినిమాలో నటిస్తున్న ప్రియాంకా చోప్రా 150 రూపాయల జామకాయలకు 200 ఇచ్చి చిల్లర వద్దంటే, అమ్మిన ఆవిడ ఇంకో రెండు కాయలు తెచ్చి చేతిలో పెట్టిందట. ప్రియాంకా స్వయంగా చెప్పిన మాట ఇది. మాకు అమ్మిన పెద్దావిడ కూడా లెక్కలో అంతే ఖచ్చితం.

ఒక్క రోజే ఉంటే తెల్లవారుజామున దేవమాలి, మధ్యాహ్నం నందపురం, చాలు. రెండో రోజు దొరికితే కొలాబ్. తాలమాలికి మాత్రం నడక ఇష్టమున్నవాళ్లే వెళ్లాలి. వానాకాలంలో కొండలు పచ్చగా ఉంటాయి కానీ పైన పొగమంచు తప్ప ఏమీ కనబడని రోజులే ఎక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రండి, పిల్లలకు ఉన్ని టోపీలు మరిచిపోకండి.