చలికాలపు జంట ప్రయాణం: శ్రీనగరా, షిమ్లానా, డార్జిలింగా?

నవంబరు రాగానే ఈ ప్రశ్న మొదలవుతుంది. కొత్తగా పెళ్లయింది, నాలుగైదు రోజులు చలి ఊరికి వెళ్లాలి, అడవుల్లో గుడారాలు వద్దు, ఊరే కావాలి. షిమ్లా మేలా, డార్జిలింగ్ మేలా, శ్రీనగర్ అయితే మరీ చలేమో కదా? అడిగేవాళ్లు ఈ మూడింటినీ మంచు పడుతుందా, ఫొటోలు ఎలా వస్తాయి, టికెట్ ఎంత అని పోల్చుకుంటారు. రాత్రి పడుకునే గది వెచ్చగా ఉంటుందా అన్నది ఎవరూ అడగరు. అసలు తేల్చాల్సింది దాన్నే.

లెక్క చూడండి. డిసెంబరు చివర్లో డార్జిలింగ్‌లో సాయంత్రం 4.50కల్లా సూర్యుడు దిగిపోతాడు. దుకాణాలు కూడా పెందలాడే మూసేస్తారు. షిమ్లాలో, శ్రీనగర్‌లో అయిదున్నరకు చీకటి పడుతుంది, పొద్దున ఏడు దాటితే గానీ తెల్లవారదు. నాలుగు రోజుల ప్రయాణంలో రోజుకు పన్నెండు పదమూడు గంటలు గదిలోనే గడుస్తాయి. గది గడ్డకట్టి ఉంటే ఇద్దరూ చెరో రగ్గులో ముడుచుకుని, స్వెట్టర్లతోనే పడుకుని, పొద్దున స్నానం ఎవరు ముందు చేయాలని వాదించుకోవడమే మిగులుతుంది.

ఇక్కడే ఈ ఊళ్లకు అసలు తేడా ఉంది. షిమ్లా, డార్జిలింగ్ ఎండ తప్పించుకోవడానికి తెల్లవాళ్లు కట్టుకున్న ఊళ్లు. షిమ్లా 1864లో వేసవి రాజధాని అయింది. ఎత్తయిన కప్పులు, పెద్ద కిటికీలు, చెక్క గోడలు మే నెలకు హాయిగా ఉంటాయి, జనవరిలో మాత్రం వేడిని నిలవనివ్వవు. శ్రీనగర్ కథ వేరు. పూర్వం చలి మొదలవగానే దర్బారు జమ్మూకు దిగిపోయేది, జనం మాత్రం అక్కడే ఉండి చలితో కాపురం చేయడం నేర్చుకున్నారు. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గట్టి చలికి వాళ్లు పెట్టుకున్న పేరు చిల్లయ్ కలాన్. ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లయ్ ఖుర్ద్, ఆపైన పది రోజులు చిల్లయ్ బచ్చా. చలికి ఇన్ని పేర్లు పెట్టుకున్న ఊళ్లో దాన్ని తట్టుకునే ఏర్పాట్లు కూడా ఉంటాయి: కింద కట్టెలు మండించి రాతి నేలను వేడెక్కించే హమామ్ గది, పొగగొట్టం ఉన్న బుఖారీ పొయ్యి, ఫెరన్ అనే పొడవాటి వదులు అంగీ లోపల పట్టుకునే కాంగ్డీ నిప్పుల బుట్ట. రాత్రి సున్నాకు దిగువకు పోయే శ్రీనగర్‌లో, రాత్రి రెండు మూడు డిగ్రీలుండే షిమ్లా కంటే వెచ్చగా నిద్రపోవచ్చు. గది సరిగ్గా ఎంచుకుంటేనే సుమా.

ఆ ఎంపికలో అందరూ బోల్తా పడేది వ్యూ రూమ్ దగ్గర. డార్జిలింగ్‌కు కాంచన్‌జంగ ఉత్తరాన ఉంది. షిమ్లా నుంచి కనిపించే మంచు కొండలూ ఉత్తరం వైపువే. కొండలు కనబడే గది అంటే ఉత్తరపు గది, చలికాలంలో దాని మీద ఎండ పొడ పడదు. ఎక్కువ డబ్బు పోసి హోటల్లో అన్నిటికంటే చల్లటి గది తీసుకున్నట్టు అవుతుంది. దక్షిణం వైపు గది అద్దె తక్కువ, మధ్యాహ్నమంతా ఎండ పడి సాయంత్రానికి గోడలు గోరువెచ్చగా ఉంటాయి. కొండలు చూడటానికి పొద్దున డాబా మీదకు వెళ్లి అరగంట నిలబడితే చాలు.

ఇక హీటర్ల సంగతి. హోటల్ వాళ్లు "హీటర్ ఉంది సార్" అంటారు. ఏ హీటరని అడగండి. ఎర్రగా మండే రాడ్ హీటరైతే ఎదురుగా కూర్చున్నవాళ్ల మోకాళ్లు కాలతాయి, వీపు వణుకుతుంది, పక్కన దుప్పటి జారిపడితే అంటుకుంటుంది. ఆయిల్ హీటర్ మేలు. దాదాపు 2,000 వాట్లది, గది వేడెక్కడానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. బయటికి వెళ్తూ ఆపేసి, వచ్చాక వేసి, పావుగంటకే "పని చేయట్లేదు" అని ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. గదికి తిరిగొచ్చే గంట ముందు వేసి ఉంచమని రిసెప్షన్‌లో చెప్పి వెళ్లండి. హీటరు, గీజరు, నీళ్లు కాచే కెటిల్ ఒకేసారి వేస్తే ఎంసీబీ స్విచ్ పడిపోయి కరెంటు పోతుంది, ఒకదాని తర్వాత ఒకటి వాడాలి. గాలి ఎండిపోయి రాత్రి ముక్కు మండితే వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి గదిలో ఒక మూల పెట్టండి.

విద్యుత్ దుప్పటి, అదే ఎలక్ట్రిక్ బ్లాంకెట్, కప్పుకునేది కాదు. పరుపు మీద, బెడ్‌షీట్ కింద పరిచి ఉంటుంది. పడుకునే అరగంట ముందు ఎక్కువలో పెట్టి, పడుకున్నాక తక్కువకు తిప్పాలి. మడత పెట్టిన చోట తీగలు దెబ్బతింటాయి కాబట్టి ముడత లేకుండా చూసుకోండి. బుఖారీని సాయంత్రం వెలిగిస్తారు, అర్ధరాత్రికి కట్టెలు అయిపోతాయి, తెల్లవారుజాము నాలుగుకు గది మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే బుఖారీ ఉన్నచోట కూడా పరుపు మీద విద్యుత్ దుప్పటి ఉందా అని అడగాలి.

గ్యాస్ హీటర్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. సిలిండర్ పెట్టి వెలిగించే హీటర్ని తలుపులు బిగించిన గదిలో రాత్రంతా వదిలేస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బొగ్గుల కుంపటికీ ఇదే ముప్పు. పడుకునే ముందు ఆపించి, కిటికీ కాస్త తెరిచి గాలి మార్చి, ఆ తర్వాతే పడుకోండి.

శ్రీనగర్‌కు మొగ్గేది ఈ లెక్కల వల్లే. అక్కడ మధ్యస్థాయి హోటళ్లలో కూడా సెంట్రల్ హీటింగ్ దొరుకుతుంది. అయితే చలికాలంలో కరెంటు కోతలు ఉంటాయి కాబట్టి "హీటింగ్ డీజిల్ బాయిలరుదా, కరెంటుదా? కోత పడితే జనరేటరు హీటింగుకు కూడా ఇస్తారా, లైట్లకేనా? రాత్రి ఎన్నింటికి ఆపేస్తారు?" అని మూడు ప్రశ్నలు ఫోన్‌లో అడిగి, జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి. హౌస్‌బోట్ ముచ్చట ఒక్క రాత్రికి సరిపెట్టుకోండి. నీళ్ల మీద తేమ ఎక్కువ, చెక్క సందుల్లోంచి గాలి వస్తుంది, బుఖారీ చాలాసార్లు ముందు హాల్లోనే ఉంటుంది. మొదటి రాత్రి హౌస్‌బోట్, మిగతావి హోటల్ అన్నది మంచి వరస.

మంచుకు పేరుపడ్డ గుల్‌మర్గ్ శ్రీనగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, రోజులో వెళ్లి రావచ్చు. మంచు పడి ఉంటే టంగ్‌మర్గ్ దగ్గర చక్రాలకు గొలుసులు కట్టాలి, లేదా అక్కడి బండి మాట్లాడుకోవాలి. పొద్దు వాలాక ఆ చివరి 13 కిలోమీటర్ల రోడ్డు గాజులా అవుతుంది, నాలుగింటికల్లా కిందికి దిగిపోవాలి. గొండోలా, అంటే కేబుల్ కారు, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. రెండో దశ దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. శ్రీనగర్ ఎత్తు 1,585 మీటర్లే, రెండు మూడు గంటల్లో అంత పైకి పోతే తలనొప్పి రావడం మామూలే. గాలి ఎక్కువైతే రెండో దశ ఆపేస్తారు, దాని మీద ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. జెడ్-మోడ్ సొరంగం 2025 జనవరిలో తెరిచాక సోనమర్గ్ కూడా చలికాలంలో అందుబాటులోకి వచ్చింది. 2025 ఏప్రిల్ పహల్గామ్ దాడి తర్వాత చాలా చోట్లు మూసి విడతలవారీగా తెరుస్తూ వచ్చారు కాబట్టి ఏది తెరిచి ఉందో బయల్దేరే వారం చూసుకోండి.

ఇంకొకటి, ఇది తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడే పనిచేస్తుంది. ఇద్దరిలో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ లేకపోతే బ్యాంకు ఓటీపీలు రావు, డ్రైవరుకు ఫోన్ చేయలేరు. తిండికి మాత్రం బెంగ లేదు. కశ్మీరీలు మనలాగే అన్నం తినేవాళ్లు. మాంసం తినకపోతే హాక్ ఆకుకూర, రాజ్మా, నద్రూ అనే తామర తూడు కూర ఉంటాయి, దాల్‌గేట్, దుర్గానాగ్ వైపు శాకాహార భోజనశాలలూ ఉన్నాయి.

షిమ్లా బలం మరోచోట ఉంది. బండ్లు తిరగని మాల్ రోడ్డు, రిడ్జ్, క్రైస్ట్ చర్చి, కింద లోయర్ బజార్. సాయంత్రం చేతిలో చేయి వేసుకుని నడవడానికి ఈ మూడింటిలో దీన్ని మించిన ఊరు లేదు. చేరడానికీ ఒక్క విమానం మీదే ఆధారపడక్కర్లేదు. చండీగఢ్ నుంచి రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు, నాలుగు గంటలు. చిన్న రైలు 1903 నాటిది, కల్కా నుంచి 96 కిలోమీటర్లు, వంద పైచిలుకు సొరంగాలు, అయిదారు గంటలు. ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు టాక్సీ సరైన వరస. దిగేటప్పుడు కూడా రైలే పెట్టుకుంటే సగం రోజు దానికే పోతుంది.

హోటల్ ఎంచుకునేటప్పుడు "మాల్ రోడ్డుకు 300 మీటర్లు" అన్న మాట నమ్మకండి. ఆ 300 మీటర్లు నిలువుగా, మెట్ల మీద. మాల్‌కు దిగువనున్న కార్ట్ రోడ్డు మీది హోటలైతే బండి గుమ్మం దాకా వస్తుంది, మాల్‌కు లిఫ్టులో వెళ్లొచ్చు. మాల్ మీది హోటలైతే సామాను కూలీ మోయాలి, బేరం ముందే ఆడుకోండి. లక్కడ్ బజార్ వైపు ఉత్తరపు వాలు, ఎండ తగలని మలుపుల్లో పొద్దున రోడ్డు మీద కంటికి కనిపించని పలచటి ఐసు ఉంటుంది. అరిగిన స్పోర్ట్స్ షూలతో అక్కడ నడుము విరగ్గొట్టుకోవడం తేలిక. జాఖూ గుడి దగ్గర 108 అడుగుల హనుమంతుడి విగ్రహం కింద ఆయన వారసులు కళ్లజోళ్లు లాక్కుపోతారు, జోడు జేబులో పెట్టుకుని ఎక్కండి.

డార్జిలింగ్‌లో చలికాలపు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. 8,586 మీటర్ల కాంచన్‌జంగను చూడటానికి ఇదే సమయం. పద్మజా నాయుడు పేరు పెట్టిన జూలో ఎర్ర పాండాలు, మంచు చిరుతలు ఉన్నాయి. సరోజినీ నాయుడి కూతురు, మన హైదరాబాదులో పుట్టి బెంగాల్ గవర్నరైన పద్మజే ఆవిడ. గురువారం జూకి సెలవు. కానీ మంచు పడటం అరుదు. టీ తోటలు చూడాలని వెళ్తే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకు కోత ఉండదు, ఫ్యాక్టరీలు పడుకుని ఉంటాయి. హీటర్ల విషయంలో మూడింటిలోకీ వెనకబడింది ఇదే. మార్చి, ఏప్రిల్‌కు దాచుకోదగ్గ ఊరు.

మిగతావి: గ్యాంగ్‌టక్ మంచి ఊరే, కానీ అందరూ వెళ్లేది చైనా సరిహద్దులోని నాథులా కనుమ కోసం, మంచు ఎక్కువైతే ఆ దారే మూస్తారు. ఊటీలో జనవరి పొద్దుటిపూట గడ్డి మీద నూగు మంచు కనిపిస్తుంది, అంతే. లంబసింగి ఒక్క రాత్రికి.

తెలుగులో మంచు అంటే రెండూ వస్తాయి, చూడటానికి వెళ్లేదీ, వెళ్లనివ్వకుండా ఆపేదీ. డిసెంబరు చివరి నుంచి జనవరి సగం దాకా ఢిల్లీ, చండీగఢ్‌ల పొగమంచుకు పొద్దుటి విమానాలు ఆలస్యమవుతాయి. ఢిల్లీలో మారే ప్రయాణమైతే రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ కింద కొనండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు బాధ్యత ఎవరూ తీసుకోరు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవాళ్లు అదే పొద్దున ఢిల్లీ నుంచి కల్కా వెళ్లే శతాబ్ది అందుకుంటామని లెక్క వేయొద్దు. శ్రీనగర్‌లో మంచు కురిసి విమానాలు రద్దయ్యే రోజులుంటాయి, తిరిగొచ్చాక ఆఫీసుకు ఒక రోజు ఎడం పెట్టుకోండి. ఆ ఒక్క రోజు సెలవు కూడా దొరకదంటే, అప్పుడు మాత్రం షిమ్లాకే వెళ్లండి.

తేదీలకు మన పండగే దారి చూపిస్తుంది. కొత్త అల్లుడు సంక్రాంతికి అత్తారింట్లో ఉండాల్సిందే, కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. జనవరి 17, 18న బయల్దేరి 24 లోపు తిరిగొస్తే రిపబ్లిక్ డే రద్దీ తగలదు. డిసెంబరు 24, 31 రాత్రులు చాలా హోటళ్లు గాలా డిన్నర్ పేరుతో తప్పనిసరిగా వసూలు చేసే డబ్బు తప్పుతుంది, మంచు పడే అవకాశమూ ఈ జనవరి రోజుల్లోనే ఎక్కువ. పెట్టెలో ఒంటికి అంటుకునే థర్మల్స్ ఇద్దరికీ రెండేసి జతలు, ఉన్ని సాక్సులు, పెదాలకు వ్యాసెలిన్ ఉండాలి. జీన్స్ తడిస్తే ఆరదు. కొబ్బరినూనె సీసా తీసుకెళ్తే రాయిలా గడ్డకట్టి ఒక్క చుక్క రాదు, ఆముదమో బాదం నూనో పెట్టుకోండి.