ఆగిన ఉదయపు నడక: కొత్త తేదీ కోసం చూడాలా, రేపే అందుకోవాలా?

పెళ్లి ప్రయాణాల వల్లనో, జ్వరం వల్లనో నడక ఆగిపోయినప్పుడు రెండు దారులుంటాయి: ఉగాదో, ఒకటో తేదీయో చూసుకొని పూర్తిస్థాయిలో మొదలుపెట్టడం, లేదా రేపే పది నిమిషాలతో అందుకోవడం.

ఉత్సాహం: కొత్త తేదీకి నిజంగానే బలముంది. వారం, నెల, సంవత్సరం ఆరంభాల్లో వ్యాయామశాలకు వెళ్లేవారు పెరుగుతారని కేథరిన్ మిల్క్‌మన్ తదితరుల 2014 నాటి పరిశోధన చూపింది. రేపటి పది నిమిషాలకు ఆ ఊపు ఉండదు.

ఖర్చు: మొదటిదానికి తరచుగా కొత్త బూట్లు, వ్యాయామశాల ఏడాది రుసుము తోడవుతాయి, రెండోదానికి ఏమీ అక్కర్లేదు.

శ్రమ: ఆగిన శరీరంతో తొలిరోజే గంట నడిస్తే మర్నాడు పిక్కలు పట్టేసి మంచం దిగనివ్వవు. రాత్రే బూట్లు గుమ్మం దగ్గర పెట్టుకొని, లేవగానే వీధి చివరిదాకా వెళ్లి రావడం ఎవరికైనా సాధ్యమే.

ముప్పు: నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు పరిశీలించి, అలవాటు స్థిరపడడానికి 18 నుంచి 254 రోజులు పట్టవచ్చని అంచనా వేసింది. మధ్యలో ఒక్కసారి తప్పినంత మాత్రాన అది చెదరదని కూడా గమనించింది. కాబట్టి తప్పిన రోజు కంటే, మంచి తేదీ పేరుతో ఖాళీగా గడిచే వారాలే ప్రమాదకరం.

ఉద్యోగమో, ఊరో మారి పాత వేళలు పూర్తిగా చెదిరినవారికి కొత్త తేదీ నప్పుతుంది. పనుల ఒత్తిడితో కొద్దిరోజులు తప్పినవారు రేపే కదలాలి. డెంగీ వంటి జ్వరం నుంచి కోలుకుంటున్నవారు మాత్రం వైద్యుని అనుమతి తీసుకున్నాకే, ఆ పది నిమిషాలతో మొదలుపెట్టాలి.